మిషన్ ఆపి వీడియో తీయకండి

ప్రశ్న: అన్నయ్యా, నేను గుడ్డ సంచులు కుట్టే యూనిట్ నడుపుతున్నాను. ఐదు మిషన్లు, నాతో పాటు నలుగురు ఆడవాళ్ళు. ఏడాదిన్నరగా యూట్యూబ్‌లో కుట్టుపని వీడియోలు పెడుతున్నాను. 860 మంది సబ్‌స్క్రైబర్లు అయ్యారు. పగలంతా యూనిట్, రాత్రి పదకొండు దాకా ఎడిటింగ్. కిందటి నెల రెండు ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. ఒక కస్టమర్ అయితే, తాము బయటపెట్టకముందే తమ కొత్త డిజైన్ నా వీడియోలో ఎందుకు కనిపించిందని గట్టిగా నిలదీశారు. అయినా ఒక వారం వీడియో పెట్టకపోతే ఛానెల్ పడిపోతుందేమోనని టెన్షన్. వెయ్యి దాటితే డబ్బులొస్తాయి కదా, అప్పటిదాకా యూనిట్ పని ఎవరికైనా అప్పగించి ఛానెల్ మీద కూర్చోమంటారా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. వద్దు. మీ చేతిలో రోజూ పని ఆడుతోంది కాబట్టే జనం మీ వీడియోలు చూస్తున్నారు. మీరు మిషన్ మీద నుంచి లేచిపోతే కొన్నాళ్ళకు చూపించడానికి ఏమీ ఉండదు.

వెయ్యి దాటితే డబ్బులన్న మాట సగమే నిజం. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో మీ వీడియోలను జనం 4,000 గంటలు చూసి ఉండాలి. లేదా ఆ గంటలకు బదులు, గడిచిన 90 రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకు కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు నాలుగు నిమిషాలు చూశారనుకున్నా 60,000 సార్లు చూడాలి. అన్నీ దాటాక అప్పుడు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత వచ్చేది కూడా ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. నలుగురి జీతాలు దాని మీద పెట్టుకోలేం.

నాది ఫర్నిచర్ వర్క్‌షాప్. పధ్నాలుగేళ్ళుగా అదే పని, ఆరేళ్ళుగా వీడియోలు. మొదటి ఏడాది నేనూ మీలాగే చేశాను. ఒకరోజు ఎనిమిది సొరుగులున్న టేబుల్‌కి ప్లైవుడ్ కోస్తున్నాను. సొరుగు జారడానికి రెండు పక్కలా ఛానెళ్ళు బిగిస్తాం కదా, వాటికి ఒక్కో పక్క అరంగుళం చొప్పున అంగుళం తగ్గించి కొయ్యాలి. ఆ లెక్క కెమెరాకు చెప్పాను, కొలత చీటీ మీద తగ్గించి రాసుకున్నాను. మాట తడబడిందని మళ్ళీ మొదటి నుంచి తీశాను. రెండోసారి చెప్పేటప్పుడు, అప్పటికే తగ్గించి రాసిన కొలతలోంచి ఇంకో అంగుళం తీసేశాను. పదహారు ముక్కలు వరసగా కోసేశాను. బిగించే రోజున చూస్తే సొరుగు లోపల గలగలలాడుతోంది. ప్లైవుడ్ మొత్తం పోయింది, టేబుల్ తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ కస్టమర్ ముందు నిలబడి కారణం చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా మనసు రంపం దగ్గర లేదు, కెమెరా దగ్గర ఉంది. వేళ్ళు పోలేదు, అది నా అదృష్టం.

ఆ రోజు నుంచి మిషన్ తిరుగుతుంటే నేను మాట్లాడను. ఫోన్‌ని బల్లకు పైన గోడకు బిగించాను. పని దాని మానాన అది జరుగుతుంది, ఫోన్ చూస్తూ ఉంటుంది. బాగా రాలేదని మళ్ళీ కొయ్యడం, మళ్ళీ బిగించడం ఉండదు. రాకపోతే ఆ ముక్క వీడియోలో లేనట్టే. మాటలన్నీ శుక్రవారం సాయంత్రం వర్క్‌షాప్ మూశాక, గంటసేపు కూర్చుని, వీడియో చూస్తూ విడిగా రికార్డు చేస్తాను. మిషన్ మోత ఉండదు, చెప్పేది కూడా సూటిగా వస్తుంది. మీకూ ఇది సరిపోతుంది. కత్తిరింపు బల్ల పైన ఒక ఫోన్ చాలు. సంచికి పట్టీ కుట్టేటప్పుడు నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టు వేస్తారు చూడండి, అది ఎందుకు వేస్తామో నిమిషంలో చెప్పొచ్చు. దానికోసం పని ఆపక్కర్లేదు.

నిజానికి సమయం తినేది షూటింగ్ కాదు, ఎడిటింగ్. ఎవరికైనా ఏదైనా అప్పగించాలనుకుంటే యూనిట్ కాదు, ఎడిటింగ్ అప్పగించండి. తోడు ఎవరూ లేకపోతే వీడియోల సంఖ్య తగ్గించండి. నేను నెలకు రెండే పెడతాను. రెండు మూడు ముందే సిద్ధం చేసి షెడ్యూల్‌లో పెట్టేస్తే, ఆర్డర్లు మీద పడ్డ వారం ఛానెల్ దానంతటది నడుస్తుంది. ఒక వారం ఖాళీగా ఉన్నా భయపడకండి. పని నేర్పే వీడియోలను జనం అవసరం పడ్డప్పుడు వెతుక్కుని వస్తారు. వేలాడిపోయిన అలమర తలుపు కీలు సరిచేయడం మీద నేను నాలుగేళ్ళ కిందట పెట్టిన వీడియోకి ఇప్పటికీ కామెంట్లు వస్తున్నాయి.

డిజైన్ సంగతిలో మాత్రం తప్పు మీదేనమ్మా. కస్టమర్ డిజైన్ వాళ్ళ సొత్తు. వీడియో తీసేశారా? తీసేయకపోతే ఇవాళే తీసేసి, ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. ఇకపై ఆర్డర్ కాగితంలోనే ఒక గడి పెట్టండి: వీడియోలో చూపించవచ్చా, ఎప్పటి నుంచి? గడి ఖాళీగా ఉంటే చూపించకూడదని అర్థం. నేర్పడానికి ప్రింట్ లేని సాదా బట్ట వాడండి. పెట్టేముందు ప్రతి వీడియో ఒకసారి బల్ల మీద ఏముందా అని మాత్రమే చూడండి. నా వీడియో ఒకదానిలో బిల్లు పుస్తకం తెరిచి ఉంది, కస్టమర్ ఫోన్ నంబర్ స్పష్టంగా కనిపించింది. మూడు రోజుల తర్వాత నా దగ్గర పనిచేసే కుర్రాడు చూసి చెప్పాడు. మీ దగ్గర పనిచేసే నలుగురినీ కూడా అడగండి. ముఖం వద్దన్నవాళ్ళవి చేతులు చూపిస్తే చాలు.

ఇంకొక్క పని చేయండి. కొత్త కస్టమర్ రాగానే మీ గురించి ఎలా తెలిసిందని అడిగి, ఆర్డర్ పుస్తకంలో పక్కనే రాసుకోండి. నేను రాసుకున్నదాన్ని బట్టి చూస్తే, బాగా వైరల్ అయిన వీడియో చూసి పని ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ కీలు వీడియో చూసి మాత్రం పదకొండు మంది వచ్చారు. అప్పటి నుంచి దేని మీద వీడియో చేయాలో ఆ పుస్తకాన్నే అడుగుతున్నాను.

ఆలస్యమైన ఆ రెండు ఆర్డర్లలో ఏవైనా సంచులు ఇంకా బాకీ ఉంటే, అవి చేరేవరకు ఎడిటింగ్ ముట్టుకోకండి. రాత్రి పదకొండుకి కళ్ళు మూతపడుతుండగా చేసే పని ఎలాగూ బాగుండదు, పొద్దున్నే మళ్ళీ సూది ముందు కూర్చోవాలి. ఆ డిజైన్ కస్టమర్ ఏమన్నారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.