బండి పైకప్పు దగ్గర మొదలుపెట్టు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నా ధ్యాసంతా దాని మీదే ఉంది. బండ్లు ఎక్కడున్నాయో చూపడానికి వాటిలో పెట్టే ట్రాకింగ్ యూనిట్‌కు హార్డ్‌వేర్ మొత్తం నీకే అప్పజెప్పారంటే చాలా సంతోషమైంది. మీ అమ్మ రెండు రోజులుగా వాడకట్టంతా చెప్పుకుంటోంది. కానీ నడుమ ఒక మాట అన్నావు చూడు, "మోడెం ఖాయమైంది మామయ్యా, బోర్డు సైజు అయిపోయింది, డబ్బా డ్రాయింగ్ కూడా పోయింది, యాంటెన్నా సంగతి చివర్లో చూస్తాం" అని. అది విని నాకు నిద్ర పట్టలేదు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను.

పాతికేళ్లు నేను ఈ పనిలోనే ఉన్నాను. పాడై తిరిగొచ్చిన బాక్సులు ఎన్నో విప్పి చూశాను. ఎక్కువసార్లు తప్పు సర్క్యూట్‌లో ఉండేది కాదు, ఆ బాక్సును బండిలో పెట్టిన చోటులో ఉండేది. అందుకే చెబుతున్నా, యాంటెన్నా ఎక్కడ కూర్చుంటుందో ముందు తేల్చుకో. మొబైల్ టవర్‌తో మాట్లాడే మోడెం, బోర్డు, డబ్బా అన్నీ దాని తర్వాతే.

యాంటెన్నా అంటే షాపులో కొనుక్కొచ్చే ముక్క అనుకుంటారు చాలామంది. ఆ ముక్క సగమే. దాని కింద ఉండే లోహం మిగతా సగం. 850 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, అందులో పావు వంతు దాదాపు 9 సెంటీమీటర్లు. ఆ పావు వంతు పొడవున్న పుల్ల యాంటెన్నా సరిగ్గా పనిచేయాలంటే కింద చుట్టూ దానికి తగినంత రేకు పరిచి ఉండాలి. కారు పైకప్పు ఆ పని చక్కగా చేస్తుంది, అందుకే సొరచేప రెక్కలా ఉండే షార్క్ ఫిన్ యాంటెన్నా అక్కడ పెడతారు. అదే యాంటెన్నాను పైకప్పంతా అద్దమే ఉన్న కారు మీద పెట్టినా, రెగ్జిన్ టాపు ఆటో మీద పెట్టినా దాని తీరే మారిపోతుంది. డేటాషీట్‌లో గీసిన గ్రాఫ్ ఏ సైజు రేకు మీద కొలిచారో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ముందు అది చదువు.

నాకు ఈ సంగతి మిర్యాలగూడలో తెలిసింది. బియ్యం లోడుకు పోయే లారీలకు యూనిట్లు బిగించాం. మా ల్యాబ్‌లో అన్నీ బాగా పనిచేశాయి. వానాకాలం మొదలుకాగానే ఫోన్లు మొదలయ్యాయి, బండి ఎక్కడుందో కనిపించడం లేదని. పొద్దున్నే బస్సెక్కి పోయాను. ఒక మిల్లు ముందు ఆగి ఉన్న లారీ క్యాబిన్ పైకి ఎక్కి చూశాను. క్యాబిన్ నెత్తిన ఇనుప క్యారియర్ ఉంది, దాని మీద మడతపెట్టిన టార్పాలిన్, రాత్రి వానకు తడిసి నీళ్లు కారుతోంది. దాని కింద, క్యాబిన్ లోపల, సరిగ్గా జానెడు దూరంలో నా బాక్స్. ఇనుము, నీళ్లు రెండూ దాటుకుని ఉపగ్రహం సిగ్నల్ ఎట్లా వస్తుంది? డ్రైవర్‌ను బతిమాలి ఆ టార్పాలిన్ దింపించాను. కొద్దిసేపటికే లొకేషన్ పట్టింది. మళ్లీ ఎక్కించగానే పోయింది. మూడుసార్లు దింపించి ఎక్కించి చూశాం. పాపం ఆ డ్రైవర్ ఒక్క మాట అనలేదు, చాయ్ కూడా తాగించాడు. క్యారియర్, టార్పాలిన్ లేని లారీ ఉండదని నేను ముందే తెలుసుకోవాల్సింది. ఆ తప్పు నాదే. తర్వాత జీపీఎస్ యాంటెన్నాను విడిగా తీసి ముందు అద్దం దగ్గర, ఆకాశం కనబడే చోట పెట్టాం.

అద్దం అన్నాను కదా, ఒక జాగ్రత్త. ఎండను ఆపడానికి కొన్ని అద్దాల్లో లోహపు పూత ఉంటుంది, బయట నుంచి వేసే కొన్ని ఫిల్ములలోనూ ఉంటుంది. అవి సిగ్నల్‌ను కూడా ఆపుతాయి. డబ్బాకు మెటాలిక్ పెయింట్ వేద్దామని డిజైన్ వాళ్లు అడిగినా ఒప్పుకోకు. మామూలు నల్ల ప్లాస్టిక్ అయినా సరే, యాంటెన్నాకు ఆనుకుని ఉంటే దాని ఫ్రీక్వెన్సీని కిందికి లాగుతుంది. అందుకని విడి బోర్డు మీద మ్యాచింగ్ చేసి, అంటే యాంటెన్నాను ఫ్రీక్వెన్సీకి సరిచేసి, మురిసిపోవద్దు. మూత బిగించి, బండిలో దాని చోట పెట్టి కొలువు. యాంటెన్నా దారిలో మూడు కాంపోనెంట్లకు ప్యాడ్లు (వాటిని అతికించే చోట్లు) తప్పకుండా వదులు, మొదట రెండు ఖాళీగా ఉన్నా పర్వాలేదు. ఆ ప్యాడ్లు లేకపోతే బోర్డు మళ్లీ వేయించాల్సి వస్తుంది.

కొలిచేటప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకో. రిటర్న్ లాస్ 10 డీబీ వచ్చిందంటే పంపిన పవర్‌లో పదో వంతే వెనక్కి వస్తోందని అర్థం. మిగతా తొమ్మిది వంతులు గాలిలోకి పోయాయని మాత్రం కాదు. యాంటెన్నా తీసేసి 50 ఓమ్‌ల రెసిస్టర్ అతికించి చూడు, రిటర్న్ లాస్ అద్భుతంగా వస్తుంది, గాలిలోకి మాత్రం ఏమీ పోదు. పవర్ వేడిగా మారిపోతోందో, నిజంగా బయటికి పోతోందో తేలాలంటే గోడలు సిగ్నల్‌ను మింగే గది, ఛాంబర్‌లో టెస్ట్ చేయించాలి. డబ్బులు దండగ అంటారు మేనేజర్లు. నువ్వు గట్టిగా నిలబడు. బోర్డు మీదే యాంటెన్నా పెట్టేటట్టయితే ఇది ఇంకా ముఖ్యం. చిన్న బోర్డులో 850 లాంటి తక్కువ బ్యాండ్‌కు గ్రౌండ్ చాలదు, పది సెంటీమీటర్లకన్నా పొట్టిగా ఉంటే నష్టం బాగా కనబడుతుంది. మన ఊళ్లలో దూరంగా ఉన్న టవర్ అందేది ఆ తక్కువ బ్యాండ్లలోనే.

కేబుల్ సంగతి క్లుప్తంగా. సన్నగా ఉంటుందని అందరూ వాడే ఆర్‌జీ 174 కేబుల్‌లో 1000 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ఒక డీబీకి పైనే పోతుంది. మూడు మీటర్లు వేశావంటే సగం పవర్ కేబులే మింగింది. పై బ్యాండ్లలో ఇంకా ఎక్కువ. మోడెంను యాంటెన్నా దగ్గరికి జరపడమే మేలు. కనెక్టర్లు బండ్ల కోసం చేసిన ఫాక్రా రకానివే వాడు. జీపీఎస్‌కు నీలం, మొబైల్ నెట్‌వర్క్‌కు ముదురు ఎరుపు, ఒకదాంట్లో ఒకటి దూరవు. చీకట్లో డ్యాష్‌బోర్డ్ కింద పడుకుని బిగించే మెకానిక్‌కు అదెంత మేలో బిగించి చూస్తే తెలుస్తుంది.

ఇక మోడెం. ఇక్కడ అన్నిటికన్నా మోసం చేసేది ల్యాబే. హైదరాబాద్‌లో మీ ఆఫీసు కిటికీ ముందే టవర్ ఉంటుంది. టవర్ దగ్గరుంటే మోడెం మెల్లగా మాట్లాడుతుంది, దూరమైతే అరుస్తుంది. 4జీలో ఎంత అరిచినా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. కానీ 4జీ అందక 2జీకి దిగిందనుకో, 900 బ్యాండ్‌లో 2 వాట్ల దాకా పోతుంది. అదీ ఆగకుండా కాదు, 4.6 మిల్లీసెకన్లకోసారి అర మిల్లీసెకను పైచిలుకు పోటు. ఆ పోటులో 2 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పవర్ దారిలో 100 మిల్లీ ఓమ్‌లు ఉన్నా 0.2 వోల్టులు అక్కడే పడిపోతాయి. 3.8 వోల్టులతో నడిచే మోడెం ఇంకొంచెం దిగితే రీసెట్.

ఒకసారి మా యూనిట్లు దేవరకొండ దాటి చందంపేట వైపు పోతే చాలు, రీస్టార్ట్ అయ్యేవి. వెనక్కి తెచ్చి టేబుల్ మీద పెడితే రోజంతా బాగానే నడిచేవి. సాఫ్ట్‌వేర్ పిల్లలు రెండు వారాలు కోడ్ వెతికారు. చివరికి వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్ పట్టుకుని జీపులో నేనే కూర్చున్నాను. రోడ్డు గుట్టల్లోకి తిరగగానే స్క్రీన్ మీద వోల్టేజీ గీత కోసినట్టు కిందికి పడింది, ఆ వెంటనే లైటు ఆరి మళ్లీ వెలిగింది. మోడెం పక్కన ఉండాల్సిన పెద్ద కెపాసిటర్‌ను లేఅవుట్‌లో చోటు లేదని మూడు సెంటీమీటర్ల అవతలికి నెట్టారు, నడుమ సన్నటి ట్రాక్. అంతే. తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) ఉన్న 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాంతో పాటు 33, 10 పికోఫారడ్‌ల చిన్నవి, మోడెం పవర్ పిన్నుకు ఆనుకునే ఉండాలి. ఈ విషయంలో లేఅవుట్ వాళ్లతో పోట్లాడైనా సరే సాధించు. టెస్ట్ చేసేటప్పుడు మోడెంను పూర్తి పవర్‌తో అరిపించే టెస్టర్ అద్దెకైనా తెచ్చుకో. అది దొరక్కపోతే టవర్ అందీ అందని ఊరికి పో.

అదే అరుపు జీపీఎస్‌ను కూడా చంపుతుంది. ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల పైనుంచి పంపే సిగ్నల్ మనకు చేరేసరికి మైనస్ 130 డీబీఎం దగ్గర ఉంటుంది. ఒక వాటును వంద కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను మళ్లీ కోటి ముక్కలు చేస్తే ఎంతో, అంత. పక్కనే 200 మిల్లీవాట్లతో మోడెం అరుస్తుంటే ఆ గుసగుస ఏం వినబడుతుంది? జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర, మన 4జీ బ్యాండ్ 3లో మోడెం పంపే వైపు (అప్‌లింక్) 1710 నుంచి మొదలు, ఎక్కువ దూరం లేదు. అందుకని జీపీఎస్ యాంప్లిఫయర్‌కు ముందు పక్క ఫ్రీక్వెన్సీలను ఆపే సా ఫిల్టర్ ఒకటి పెట్టు, యాంటెన్నాలను వీలైనంత దూరం జరుపు. బోర్డు మీది పవర్ కన్వర్టర్ నుంచి వచ్చే నాయిస్ కూడా అందులో దూరుతుంది. బయట మైదానంలో పెట్టి, మోడెం ఆపి, ఉపగ్రహాల సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో చెప్పే సీ బై ఎన్ నాట్ అంకెలు రాసుకో. 40 పైన ఉండాలి. తర్వాత మోడెంతో డేటా పంపిస్తూ మళ్లీ రాసుకో. రెండు, మూడు తగ్గినా సరే దాన్ని వదిలిపెట్టకు, కారణం పట్టుకో. మన దేశపు ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ కూడా మనం వాడాలి కాబట్టి, 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర ఎల్5 బ్యాండ్ పట్టే యాంటెన్నానా కాదా అన్నది కొనేముందే చూసుకో.

బండి కరెంటును ఎప్పుడూ నమ్మకు. బండి నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే 12 వోల్టుల బండిలో 100 వోల్టుల దాకా, 24 వోల్టుల లారీలో 200 దాకా పోటు రావచ్చని బండ్ల ఎలక్ట్రానిక్స్‌కు ప్రమాణమైన ఐఎస్‌ఓ 16750 లెక్కలోనే ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు సగానికి పడిపోతుంది. ఎవరో ఒక ఎలక్ట్రీషియన్ ప్లస్, మైనస్ తిప్పి కలుపుతాడు, తప్పకుండా కలుపుతాడు. ఈ మూడింటినీ తట్టుకోవాలి. ఆగి ఉన్న బండి నుంచి 20 మిల్లీ ఆంపియర్లు లాగినా నెలకు 14 ఆంపియర్ అవర్లు పోతాయి. మన దగ్గర సీజన్ లేనప్పుడు హార్వెస్టర్లు, ట్రాక్టర్లు నెలల తరబడి చెట్టు కింద నిలబడి ఉంటాయి. నాట్ల రోజున రైతు సెల్ఫ్ కొడితే బండి లేవాలి కదా? స్లీప్ కరెంటును మొదటి రోజు నుంచే కొలుస్తూ ఉండు.

వేడి గురించి నీకు చెప్పాల్సిన పని లేదు, ఇక్కడే పెరిగావు. మేలో 45 డిగ్రీల ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద నేను థర్మామీటర్ పెడితే 70 దాటింది. 85 డిగ్రీల దాకా పనిచేస్తుందని చిప్ మీద రాసి ఉంటుంది, కానీ లోపల మోడెం తన వేడి తాను కలుపుకుంటుంది. బ్యాకప్ లిథియం సెల్ అయితే మామూలుగా 45 పైన చార్జ్ చేయకూడదు. చేస్తే ఉబ్బుతుంది. ఉబ్బి డబ్బా మూతను లేపిన సెల్‌ను ఒకసారి నా చేత్తో తీశాను, ఆ భయం ఇప్పటికీ పోలేదు. సెల్‌కు ఆనుకుని వేడిని పసిగట్టే థర్మిస్టర్ పెట్టి, వేడెక్కగానే చార్జింగ్ ఆగేటట్టు హార్డ్‌వేర్‌లోనే చెయ్. సాఫ్ట్‌వేర్ మీద వదలకు. బస్సుల్లో ఆడపిల్లలు నొక్కే పానిక్ బటన్ కూడా ఈ బాక్స్‌కే కదా ఉండేది. బండి బ్యాటరీ తీసేసినా నాలుగు గంటలు నడవాలని మన దేశంలో ఈ యూనిట్లకు ఉన్న ప్రమాణం ఏఐఎస్ 140 అడుగుతుంది. ఆ సెల్ చచ్చిపోయి ఉంటే ఆ బటన్ ఎందుకు?

అదే ప్రమాణం 40,000 లొకేషన్లు లోపల దాచుకోవాలని కూడా చెబుతుంది. ఎందుకో తెలియాలంటే మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం రోడ్డు మీద నల్లమల అడవిలోకి పోవాలి. చాలా చోట్ల నెట్‌వర్క్ అందదు. అవతల సిగ్నల్ దొరకగానే దాచినవన్నీ ఒకేసారి పంపుతుంది, మోడెం ఆపకుండా అరుస్తుంది. ఇందాక చెప్పిన వోల్టేజీ, వేడి, జీపీఎస్ మూడూ ఒకే నిమిషంలో పరీక్షకు వస్తాయి. నీ మొదటి బోర్డుకు అంతకన్నా మంచి టెస్ట్ నాకు తెలియదు.

డబ్బా డ్రాయింగ్ పోయిందన్నావు కదా, అచ్చు ఇంకా కోయకపోతే వెంటనే ఫోన్ చేసి రెండు వారాలు ఆపించు. ఈలోగా బాక్స్ పెట్టబోయే బండ్ల దగ్గరికి పోయి ఫోటోలు తీయి. లోపల నుంచి, క్యాబిన్ పై నుంచి, సీటు కింద నుంచి. లోహం ఎక్కడెక్కడ ఉందో స్కెచ్ పెన్‌తో గుర్తుపెట్టి నాకు పంపు. సర్క్యూట్ తర్వాత చూద్దాం. మొదటి బోర్డు రాగానే శనివారం బస్సెక్కి ఇంటికి రా, ఇక్కడి నుంచి మన జీపులోనే మన్ననూరుకు పోదాం. స్కోప్ నా దగ్గర ఉంది. 12 వోల్టుల ఇన్వర్టర్, ఫాక్రా అడాప్టర్లు నువ్వు తీసుకురా.

మీ మామయ్య