కయాక్ అతుకు గట్టిపడటం లేదు!

ప్రశ్న: మేరీలాండ్‌లో ఉంటాం. ప్లైవుడ్ కిట్‌తో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) కడుతున్నాను. పలకలు రాగి తీగతో కుట్టాను. గరాజ్‌లో చలికి ఎపాక్సీ (రెజిన్‌లో హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి వాడే జిగురు) గట్టిపడటం లేదు, టెన్షన్‌గా ఉంది. హార్డెనర్ ఎక్కువ కలపనా?

జవాబు: వద్దండీ, ఆ పని మాత్రం చెయ్యకండి! ఎక్కువైన హార్డెనర్ కలవకుండా లోపలే మిగిలిపోతుంది, అతుకు మెత్తగానే ఉండిపోతుంది. మన మసూలా పడవల్లో పలకల్ని పట్టి ఉంచేది కొబ్బరితాడు కుట్టే. మీ రాగి తీగ తాత్కాలికం, అసలు బలం ఎపాక్సీదీ ఫైబర్‌గ్లాస్ గుడ్డదీ. అందుకే కొలత తప్పకూడదు. ఎలక్ట్రిక్ హీటర్ పెట్టి చెక్కనీ ఎపాక్సీ డబ్బాలనీ కూడా వెచ్చబరచండి. నేనైతే 20 డిగ్రీల సెల్సియస్ లేనిదే బ్రష్ పట్టను. గట్టిపడ్డాక పైన జిడ్డు తేలితే నీళ్లతో కడిగి, ఆ తర్వాతే శాండ్‌పేపర్ పట్టండి, మాస్క్ పెట్టుకుని. చివర్లో వార్నిష్ తప్పనిసరి, ఎండకు ఎపాక్సీ పాడవుతుంది.