ఆటో, లారీ రెండిటిదీ తప్పయితే పరిహారం ఎవరివ్వాలి?

రణస్థలం దగ్గర హైవే మీద ఆటో, లారీ గుద్దుకుని, ఆటోలో వెనక కూర్చున్న మీ మావయ్యగారి కాలు విరిగింది. ఎవరి మీద కేసు వెయ్యాలని అడిగారు.

ఆయన తప్పేమీ లేదు. ఇద్దరు డ్రైవర్ల నిర్లక్ష్యం కలిసి జరిగిన నష్టం కాబట్టి మొత్తం పరిహారం ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చు. 2015లో ఖెన్యెయ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆటోకి ఇన్సూరెన్స్ లేకపోయినా టెన్షన్ పడకండి, లారీకి ఉంటే ఆ కంపెనీ నుంచే అంతా అడగొచ్చు. వాటాల గొడవ వాళ్లది.

ఆటో డ్రైవరే పరిహారం అడిగితే మాత్రం లెక్క వేరు. నష్టం 10 లక్షలు, అతని తప్పు 40 శాతమని ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు లాంటిది) తేలిస్తే చేతికొచ్చేది 6 లక్షలే.

నా సలహా, రెండు వాహనాల యజమానులనూ, బీమా కంపెనీలనూ పార్టీలుగా చేర్చండి.