ఐటీఐలో కొత్త కోర్సులు: పేరు కన్నా ముందు చూడవలసినవి

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఐటీఐలో రోబోటిక్స్ కోర్సు చేస్తానంటోంది. ప్రభుత్వం ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోందని, చదువు కాగానే ఉద్యోగం వస్తుందని వాళ్ల సారు చెప్పారట. బంధువులేమో హన్మకొండలో ఇంటర్ ఎంపీసీ చదివించమంటున్నారు. మాది పత్తి సాగు చేసే కుటుంబం. ఐటీఐలో చేరిస్తే పైచదువుకు దారి మూసుకుపోతుందా? ఆ పని ఆడపిల్లకు తగినదేనా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: మీ అమ్మాయి కోరిక కాదనదగినది కాదు. అయితే ఆమె ఎంచుకున్న కోర్సు ఎన్నేళ్లదో మాత్రం మీరు తప్పక చూడాలి. పైచదువు దారి ఎంత సులువుగా ఉంటుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

2024 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని ₹2,324 కోట్ల అంచనాతో మొదలుపెట్టింది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి పాత ట్రేడులకు తోడుగా ఆరు కొత్త దీర్ఘకాలిక కోర్సులు వచ్చాయి. వాటిలో మీ అమ్మాయి అడుగుతున్న రోబోటిక్స్, డిజిటల్ మాన్యుఫాక్చరింగ్ కోర్సు ఏడాదిది. అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే యంత్రం మీద లోహ భాగాలు తయారుచేయడం), ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సులు రెండేళ్లవి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, రెండేళ్ల ఐటీఐ పూర్తి చేసి, బ్రిడ్జి కోర్సు చదివి, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసినవారు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష రాస్తే, ర్యాంకును బట్టి బీటెక్ రెండో సంవత్సరంలో సీటు వస్తుంది. అంటే పదో తరగతి తర్వాత ఐటీఐకి వెళ్లిన పిల్ల ఇంజనీరు కాలేదన్న మాట నిజం కాదు. ఇంటర్ దారిలో వెళ్లినవారి కన్నా ఒకటి రెండేళ్లు ఆలస్యం కావచ్చు గానీ, ఈ ఐటీఐ దారిలో ప్రతి మెట్టు దగ్గరా చేతిలో ఒక సర్టిఫికెట్, చేయగలిగిన ఒక పని ఉంటాయి. వ్యవసాయం మీద బతికే ఇంటికి, ఏదో ఒక ఏడాది పంట దెబ్బతిని చదువు మధ్యలో ఆపవలసి వచ్చినా, ఆ భరోసా చిన్నదేమీ కాదు. ఏడాది కోర్సు చేస్తే ఈ నేరు దారి దొరకదు. అందుకే రోబోటిక్స్ అన్న పేరు చూసి కాక, పై మెట్టు చూసి ఎంచుకోమని నా సలహా. రోబో చేతిని నడిపించడం తర్వాతైనా నేర్చుకోవచ్చు. సీఎన్‌సీలో పట్టు సాధించిన పిల్లకు అది కష్టం కాదు.

ఇక ఉద్యోగం మాట. ప్రభుత్వం శిక్షణ ఇవ్వగలదు, యంత్రాలు తెప్పించగలదు, పరిశ్రమలతో ఒప్పందాలు చేసుకోగలదు. ఫలానా పిల్లకు ఫలానా చోట ఉద్యోగమని రాసివ్వదు. మన ప్రాంతం సంగతే చూడండి. గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కిటెక్స్, యంగ్‌వన్, గణేశా ఎకోపెట్ వంటి కంపెనీలు వచ్చాయి. అయితే దుస్తుల కర్మాగారంలో ఎక్కువ పోస్టులు కుట్టు మిషన్ ఆపరేటర్లవి. యంత్రాల నిర్వహణ చూసే టెక్నీషియన్లు అంతకన్నా చాలా తక్కువమంది కావాలి. కాజీపేటలో 2023 జూలైలో శంకుస్థాపన జరిగిన రైల్వే తయారీ యూనిట్ మీద ఇక్కడివారికి ఎంతో ఆశ ఉంది. ఆ ఆశ సహజమే, కానీ రైల్వే నియామకాలు జాతీయ స్థాయి నోటిఫికేషన్ల ద్వారా జరుగుతాయి. పక్క ఊళ్లో ఫ్యాక్టరీ వస్తోందన్న ఒక్క కారణంతో కోర్సు ఎంచుకోకండి.

నా దృష్టిలో ఈ విధానం మొత్తంలో మన కుటుంబాలు సరిగా వాడుకోనిది అప్రెంటిస్‌షిప్, అంటే స్టైపెండ్ తీసుకుంటూ ఒక సంస్థలో పనిచేస్తూ నేర్చుకోవడం. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ప్రకారం, 30 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2016లో మొదలైన జాతీయ పథకం కింద వారికిచ్చే స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు ₹1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. శిక్షణ తర్వాత అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు, ఆ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. అయినా నడుస్తున్న కర్మాగారంలో ఒక ఏడాది పనిచేసిన పిల్లకు, తరగతి గదిలో మాత్రమే నేర్చుకున్న పిల్లకు తేడా ఇంటర్వ్యూలో నిమిషాల్లో తెలిసిపోతుంది. సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ, రైల్వే వంటి పెద్ద సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. పైగా రైల్వేలో శిక్షణ పూర్తి చేసిన అప్రెంటిస్‌లకు అక్కడి లెవల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఎంపికకు చాలాచోట్ల పదో తరగతి, ఐటీఐ మార్కులే చూస్తారు కాబట్టి మీ అమ్మాయి తెచ్చుకున్న మంచి మార్కులు అక్కడ ఉపయోగపడతాయి.

ఆడపిల్లకు తగినదేనా అని అడిగారు. ఫిట్టర్ వర్క్‌షాపులో కొత్తగా చేరినవారు మొదట చేసేది ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి, మూలమట్టం ఆనించి, సందులోంచి వెలుతురు కనబడనంత వరకు మళ్లీ మళ్లీ అరగదీయడం. అక్కడ కావలసింది ఓర్పు, కొలతలో నిక్కచ్చితనం. సీఎన్‌సీ మీద బరువైన కోత అంతా యంత్రమే చేస్తుంది. డ్రాయింగు చదవడం, ప్రోగ్రాం రాయడం, తయారైన భాగాన్ని మైక్రోమీటరుతో కొలిచి తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం మనిషి పని. మీ అమ్మాయికి లెక్కలు ఇష్టమైతే ఇది ఆమెకు చక్కగా సరిపోతుంది. ఆమె భద్రత, రాకపోకల గురించి మీరు పడే ఆందోళన మాత్రం న్యాయమైనది. నర్సంపేట నుంచి వరంగల్‌కు రోజూ బస్సులో తిరగడమా, హాస్టలా అన్నది చేరకముందే తేల్చుకోండి.

అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఒకరోజు మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి ఐటీఐని కళ్లారా చూడండి. కొత్త యంత్రాల మీద పిల్లలే పనిచేస్తున్నారా, లేక వాటికి కవర్లు కప్పి ఉన్నాయా గమనించండి. ఆ ట్రేడుకు ఎన్‌సీవీటీ (వృత్తి శిక్షణ జాతీయ మండలి) గుర్తింపు ఉందా, బోధించే ఇన్‌స్ట్రక్టరు రెగ్యులర్‌గా ఉన్నారా, డ్యూయల్ సిస్టమ్ (కొంత శిక్షణ ఐటీఐలో, కొంత కంపెనీలో ఇచ్చే పద్ధతి) కింద ఏ కంపెనీతో ఒప్పందం ఉంది, కిందటి బ్యాచ్ పిల్లలు ఎక్కడ అప్రెంటిస్‌షిప్ చేస్తున్నారు అని ప్రిన్సిపాల్ గారిని అడగండి. ప్రైవేటు ఐటీఐ అయితే గుర్తింపు విషయం మరీ గట్టిగా చూడాలి, ఎందుకంటే అప్రెంటిస్‌షిప్‌కైనా ఉద్యోగ నోటిఫికేషన్‌కైనా మొదట అడిగేది ఆ జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్‌నే.

ఐటీఐ కాక వేరే చదువు చూడమన్న బంధువుల మాట కూడా పూర్తిగా తోసిపుచ్చకండి. మీ అమ్మాయి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి, మంచి ర్యాంకుతో వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ సీటు వచ్చేటట్లుంటే, ఐటీఐ కన్నా ముందు దాన్నే తీసుకోమంటాను. చేతిపని, పైచదువు రెండూ అక్కడ ఒకేచోట దొరుకుతాయి. అది కాని పక్షంలో ఐటీఐ వెబ్ ఆప్షన్లలో మొదట సీఎన్‌సీ, తర్వాత ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్, ఆపైన ఎలక్ట్రీషియన్ పెట్టి, ఏడాది రోబోటిక్స్ కోర్సును వాటి తర్వాత ఉంచండి. ఎంపీసీ కోసం అప్పు చేసి కార్పొరేటు కాలేజీ ఫీజు కట్టే ఆలోచన ఉంటే మాత్రం, అమ్మాయికి ఆ చదువు మీద మనసు లేనప్పుడు దయచేసి ఆ పని చేయకండి.