క్లబ్బు వార్తలు రాయబోయే అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి మన రన్నింగ్ క్లబ్బు వార్తల పేజీ నువ్వే చూస్తావని తెలిసింది. ఎవరు ఎక్కడ పరిగెత్తారు, ఎంతలో పూర్తి చేశారు అని రాయడమే కదా అనుకుంటావు. తెల్లారకముందే లేచి బీచ్ రోడ్డు మీద చెమటోడ్చే మనిషి ఆ పేజీలో ముందు చూసేది తన పేరు పక్కనున్న అంకెల్ని. అందులో ఒక్కటి తప్పినా నెల్లాళ్ళు వినాల్సి వస్తుంది.

రేసులో టైములు రెండు. స్టార్టు ఇచ్చిన క్షణం నుంచి లెక్కపెట్టేది గన్ టైము. మనిషి స్టార్టు దగ్గర టైము నమోదు చేసే మ్యాటు తొక్కినప్పటి నుంచి లెక్కపెట్టేది చిప్ టైము. గుంపులో వెనకాల నిలబడ్డవాళ్ళకి ఈ రెండిటికీ నిమిషాల తేడా వస్తుంది. మనవాళ్ళ పీబీకి, అంటే ఆ దూరంలో వాళ్ళ అన్నిటికన్నా మంచి టైముకి, చిప్ టైమే రాయి. మొదటి మూడు స్థానాలు మాత్రం చాలా రేసుల్లో గన్ టైమును బట్టే ఇస్తారు. చిప్ టైములో మూడోవాడు పోడియం ఎక్కలేదంటే అన్యాయం జరిగిందని రాసెయ్యకు, ముందు ఆ రేసు నిబంధనలు చదువు. ఫలితాల్లో అసలు పేరే లేకపోతే బిబ్ (రేసు నంబరున్న కాగితం) ఎలా పెట్టుకున్నారో అడుగు. చిప్ చాలాసార్లు బిబ్ వెనకే అంటించి ఉంటుంది. దాని మీదికి జాకెట్టో, నీళ్ళ సీసాల బెల్టో వస్తే మ్యాటుకి అందదు. బిబ్ ఎదురు రొమ్ము మీదే, మడత పడకుండా ఉండాలని ప్రతి సీజను మొదట్లో ఒక ముక్క వెయ్యి.

నీతో ఎక్కువ వాదన పెట్టుకునేది వాచీలవాళ్ళు. "నా వాచీ 21.4 కిలోమీటర్లు చూపించింది, హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) 1:58:28కే అయిపోయింది" అంటారు. ఫలితాల్లో ఉన్నది 2:00:10. నువ్వు రాయాల్సింది 2:00:10. పద్ధతి ప్రకారం కొలిచిన కోర్సుని మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారిలో కొలుస్తారు. మనం నీళ్ళ బల్ల కోసం అటూ, నీడ కోసం ఇటూ వెళ్తాం, మలుపుల్లో బయటివైపు తిరుగుతాం. జీపీఎస్ తడబాటు ఉండనే ఉంది. ఇవన్నీ కలిసి రెండు మూడు వందల మీటర్లు అవడం మామూలే. స్ట్రావా అనే పరుగుల యాప్ స్క్రీన్‌షాట్ పంపిస్తే ఇంకో చిక్కు. అందులో పెద్దగా కనిపించేది మూవింగ్ టైమ్ కావచ్చు, మనిషి ఆగినప్పుడు అదీ ఆగుతుంది. రేసులో గడియారం ఎవరి కోసమూ ఆగదు.

ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు 58:07 అని కొడితే అది 58 గంటల 7 నిమిషాలు అనుకుంటుంది. 0:58:07 అని కొట్టాలి. వేగాన్ని ఎప్పుడూ చుక్కతో రాయకు. కిలోమీటరుకి 5:41 అంటే 5 నిమిషాల 41 సెకన్లు, రెండు గంటల హాఫ్ వేగం. దాన్నే 5.41గా తీసుకుంటే 5 నిమిషాల 25 సెకన్లు అవుతుంది. హాఫ్ మొత్తం మీద దాదాపు ఆరు నిమిషాలు దొంగతనం చేసినట్టే.

ఇక మన సొంత 5కె టైమ్ ట్రయల్, అంటే టైము చూసుకోవడానికి మనమే పెట్టుకునే 5 కిలోమీటర్ల పరుగు. నా దృష్టిలో పేజీకి ప్రాణం అదే, ఎందుకంటే ఊరు దాటి రేసులకి వెళ్ళలేనివాళ్ళ పేరు అచ్చయ్యేది అక్కడే. దారి వాచీతో కొలవొద్దు, సైకిలుతో కొలవండి. స్టీలు టేపుతో తిన్నటి రోడ్డు మీద 300 మీటర్లు గీసి, దాని మీద నాలుగుసార్లు తొక్కి చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క తీయాలి. నోటితో లెక్కపెడితే ఎక్కడో తప్పుతాం, ముందు చక్రానికి బిగించే జోన్స్ కౌంటర్ దొరికితే మంచిది. పని తెల్లవారుజామునే ముగించండి. ఎండెక్కితే టైరులో గాలి వ్యాకోచించి చక్రం కాస్త పెద్దదవుతుంది, దాంతో లెక్క మారుతుంది. అందుకే కోర్సు కొలిచాక ఆ 300 మీటర్ల మీద మళ్ళీ నాలుగుసార్లు తొక్కి, రెండు లెక్కల్లో ఎక్కువ చుట్లు వచ్చినదాన్నే తీసుకోండి. దారి పొట్టిబడకుండా కిలోమీటరుకి ఒక మీటరు కలపాలి. అంటే 5,005 మీటర్లు, వెనక్కి తిరిగే కోను 2,502.5 మీటర్ల దగ్గర. ఆ చోటుని పెయింటు గీతకి వదిలెయ్యకు, రోడ్డు మళ్ళీ వేస్తే పోతుంది. ఏ లైటు స్తంభానికి ఎన్ని మీటర్ల దూరమో రాసి పెట్టు.

కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగించడం ఎందుకంటే, మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంటుంది. ఎండాకాలం నైరుతి గాలి రుషికొండ వైపు పోయేవాళ్ళని వీపున తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. ఒకవైపు పరుగు టైముని పీబీల పట్టికలో కలపకు. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముతాయ్ 2:03:02లో మారథాన్ పూర్తి చేసినా దాన్ని ప్రపంచ రికార్డుగా తీసుకోలేదు. ఆ కోర్సు ఒకవైపే పోతుంది, పైగా పల్లం ఎక్కువ.

గాలి మాట వస్తే మనూరి జ్యోతి యర్రాజీనే చూడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరిగెత్తింది. వీపున తోసే గాలి సెకనుకి 2.1 మీటర్లు, రికార్డుకి హద్దు 2.0. జాతీయ రికార్డు కాలేదు. మే నెలలో లిమాసోల్‌లో 13.23 పరిగెత్తితే అది రికార్డయింది. తక్కువ టైము పక్కకు పోయి, ఎక్కువ టైము పుస్తకానికి ఎక్కింది! "వాచీలో వచ్చింది కదా" అని నీతో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఈ రెండంకెలు చెప్పు.

మాటలు కూడా చూసి వాడు. 42.195 కిలోమీటర్లయితేనే మారథాన్. "5కె మారథాన్" అని పేపర్లవాళ్ళు రాస్తే రాసుకోనీ, మన పేజీలో వద్దు. దారి పూర్తి చేసిన ప్రతివాళ్ళకీ ఇచ్చే మెడల్‌కి "పతకం సాధించారు" అనకు. "హైదరాబాద్‌లో మన సభ్యురాలి ఘన విజయం" అన్న వాక్యంలో ఏముంది? "హైదరాబాద్ హాఫ్, 2:14:32 చిప్ టైము, ఫ్లైఓవర్ల ఎక్కుళ్ళ మీద, పాత పీబీ 2:19:05" అని రాస్తే ఆ నాలుగున్నర నిమిషాల వెనకున్న కష్టం చదివేవాడికే తెలుస్తుంది. స్టేడియంలో 12 గంటల పరుగులకి టైము కాదు, ఎన్ని కిలోమీటర్లన్నదే ఫలితం. దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్ అల్ట్రా మారథాన్‌కి వెళ్ళొచ్చినవాళ్ళయితే అది డర్బన్ నుంచి పైకి వెళ్ళిన ఏడాదో, డర్బన్‌కి దిగిన ఏడాదో చెప్పాలి.

పేసర్ల గురించి, అంటే బోర్డు మీదున్న టైముకి గుంపుని తీసుకెళ్ళేవాళ్ళ గురించి, రాయడం అందరూ మరిచిపోతారు. 2:15 బోర్డు పట్టుకున్నవాడు 2:14:40కి వస్తే అతని గొప్పతనం అదే. 2:09కి వస్తే తన వెనకున్న గుంపుని ముంచినట్టు. కటాఫ్‌కి (రేసు ముగించాల్సిన గడువుకి) రెండు నిమిషాల ముందు వచ్చినవాళ్ళనీ వెయ్యి. మధ్యలో ఆపేసినవాళ్ళ సంగతి వాళ్ళు వెయ్యమంటేనే. ఆడవాళ్ళ వయసు అడక్కు, రేసువాళ్ళు అచ్చేసిన కేటగిరీ చాలు.

ఆదివారం రాత్రే పేజీ పంపెయ్యకు. తాత్కాలిక ఫలితాలు ఒకటి రెండు రోజులు మారుతూనే ఉంటాయి, బుధవారం బిబ్ నంబరుతో మళ్ళీ చూసుకుని పంపు. తప్పు దొర్లితే వచ్చే నెల మొదటి వరుసలోనే సవరణ వెయ్యి, పాత అంకె, కొత్త అంకె రెండూ కనపడేలా. పాత పట్టికలున్న ఫైలు ఈ ఆదివారం పరుగయ్యాక కాళీమాత గుడి దగ్గర ఇస్తాను, పెన్‌డ్రైవ్ తెచ్చుకో.

ఉంటాను.