ఫాస్టాగ్ ఉన్నా రెట్టింపు టోల్, పార్కింగ్‌లో చిల్లర గొడవ: కర్నూలు నుంచి అనంతపురం తిరిగేవాళ్లకు

వారం వారం కర్నూలు నుంచి అనంతపురం పోయొచ్చే మీరడిగింది రెండు సంగతులు. ట్యాగ్‌లో డబ్బులుండీ బ్లాక్‌లిస్ట్‌లో, అంటే నిలిపేసిన జాబితాలో, ఉందని టోల్ రెట్టింపు కట్టించుకున్నారు. ఊళ్లో పార్కింగ్‌కేమో ఫోన్‌పే కుదరదు, చిల్లరే ఇవ్వమంటున్నారు. టోల్ సంగతి ముందు చూద్దాం, ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

బ్లాక్‌లిస్ట్‌లో పెట్టేది మామూలుగా టోల్‌గేటు వాళ్లు కాదు, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు. బ్యాలెన్స్ ఉన్నా అట్లా పడిందంటే కేవైసీ పూర్తికాలేదేమో చూడండి. కొత్త కారుకు ఛాసిస్ నంబరుతో ట్యాగ్ తీసుకుని, తర్వాత ఆర్‌సీ నంబరు ఎక్కించకపోయినా ఇంతే. చాలామందికి తట్టనిది ఇంకోటుంది: ఇప్పుడు ఒక బండికి ఒకే ట్యాగ్. వేరే బ్యాంకులో కొత్తది తీసుకుంటే పాతది చెల్లదు. అద్దం మీద పాత స్టిక్కరే ఉంటే రీఛార్జి కొత్తదానికి పోతుంది, టోల్‌గేటులో ట్యాగ్ చదివే రీడరు మాత్రం పాతదాన్ని చదువుతుంది. పాతదాన్ని గీకి తీసేసి, కొత్తదాన్ని ముందు అద్దానికి లోపలి వైపు, మధ్యలో ఉండే మిర్రర్ వెనక అతికించండి. చేత్తో పట్టుకుని చూపించొద్దు, అట్లాంటి ట్యాగ్‌లనూ బ్లాక్‌లిస్ట్ చేస్తున్నారు.

బయలుదేరడానికి గంటకు పైగా ముందే, ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థ నడిపే ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి స్టేటస్ చూడండి. 2025 ఫిబ్రవరి 17 నుంచి, రీడరు చదవడానికి 60 నిమిషాల ముందు నుంచీ బ్లాక్‌లిస్ట్‌లో ఉండి, చదివిన 10 నిమిషాల తర్వాత కూడా అట్లాగే ఉంటే చెల్లింపు తిరస్కరిస్తారు. జాతీయ రహదారి టోల్‌లలో స్టేటస్ అప్పటికప్పుడే తెలుస్తుంది కాబట్టి దారిలో రీఛార్జి చేసినా పనవుతుంది. రాష్ట్ర రహదారుల్లో పాత పద్ధతి ఉన్నచోట అంత త్వరగా ఎక్కదు.

గేటు దగ్గర ఇరుక్కున్నారా, ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి. ట్యాగ్ బాగుండి, బ్యాలెన్స్ ఉండి, వాళ్ల మిషనే పనిచేయకపోతే ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. 2018 మే 7 గెజిట్ ప్రకారం సున్నా రసీదు ఇచ్చి ఉచితంగా వదలాలి. స్టేటస్ ‘యాక్టివ్’ అని ఉన్న స్క్రీన్‌షాట్ చూపించండి, వినకపోతే అక్కడి నుంచే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయండి. రీడరు చెడిపోయినందుకు మన దగ్గర రెట్టింపు వసూలు చేయడం పచ్చి అన్యాయం, అడక్కుండా వదలొద్దు. తప్పు మన ట్యాగ్‌దే అయితే నోట్లు తీయకండి, యూపీఐ అనండి. 2025 నవంబర్ 15న ఈ నిబంధన మొదలైనప్పుడు 100 రూపాయల టోల్‌కు నగదైతే 200, యూపీఐ అయితే 125.

మీరు వారం వారం పోయేవాళ్లు కాబట్టి సొంత కారైతే జాతీయ రహదారి టోల్‌లకు పనికొచ్చే ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు ధర 3,000. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. టోల్ ఒకసారి దాటితే ఒక ట్రిప్పు. అనంతపురం దారిలో అమకతాడు, కాసేపల్లి టోల్‌గేట్లు రెండూ తగులుతాయి, పోయి వస్తే నాలుగు. అంటే 50 సార్లు పోయి రావచ్చు, ఆ 3,000 లెక్కన గేటుకు 15 రూపాయలు పడుతుంది. జాతీయ రహదారుల సంస్థ వాళ్ల రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో తీసుకోవచ్చు. ఛాసిస్ నంబరు మీదున్న ట్యాగ్‌కు ఇవ్వరు. రాష్ట్ర రహదారి టోల్‌లకు, పార్కింగ్‌కు ఈ పాస్ పనికిరాదు, అక్కడ మామూలు బ్యాలెన్సే కోస్తారు.

ఇక పార్కింగ్. ఫోన్‌లో యూపీఐ లైట్ పెట్టుకుంటే 10, 20 రూపాయలకు పిన్ కొట్టే పని లేదు, బ్యాంకు సర్వర్ మొరాయించినా చాలాసార్లు పోతుంది. క్యూఆర్ స్కాన్ చేశాక పేరు చూడండి. వసూలు చేసే మనిషి సొంత ఖాతా అయితే ముద్రించిన టికెట్ చేతికొచ్చాకే కట్టండి. క్యూఆరే లేని చోట ఒకరిద్దరు గొడవపడితే మారదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. స్థలం పేరు, టికెట్ ఫోటో, అడిగిన మొత్తం రాసి, వచ్చే పార్కింగ్ టెండరులో క్యూఆర్ బోర్డు, టికెట్ మిషను తప్పనిసరి షరతుగా పెట్టాలని అడగండి.