పైసా ఖర్చు లేని చిన్ననాటి సంతోషం ఏదంటే, నా వరకు చీకటే

"చిన్నతనంలో పైసా ఖర్చు లేకుండా మీకు దొరికిన సంతోషం ఏమిటి? అది ఇప్పటి పిల్లలకు దొరుకుతోందా?" అన్నది ప్రశ్న. ఇలా అడిగితే చాలామంది ఆటల పేర్లు చెబుతారు, వానలో తడిసిన రోజుల గురించి చెబుతారు. అవి నాకూ ఉన్నాయి. కానీ ఒక్కటే చెప్పమంటే చీకటి అంటాను. కరెంటు పోయిన రాత్రి వీధి మొత్తాన్ని ఒక్కసారిగా కప్పేసే చీకటి.

ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగేలోపే వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పిల్లల కేక ఒకటి లేచేది. పెద్దవాళ్లు విసుక్కుంటూ అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ ఉంటే మేము అప్పటికే డాబా మెట్ల మీద ఉండేవాళ్లం. ఉక్కపోతకు తాళలేక పది నిమిషాల్లో పెద్దవాళ్లూ చాపలు చంకన పెట్టుకుని పైకి వచ్చేవారు. పక్క డాబా మీదకు వాళ్లు, ఆ పక్క డాబా మీదకు ఇంకొకరు. ఎవరి ముఖమూ కనిపించదు, గొంతులే. పగలు గేటు దగ్గర ఎదురుపడితే తల వంచుకుని వెళ్లిపోయే మనుషులు ఆ చీకట్లో గలగలా మాట్లాడేవారు. ముఖం కనిపించనప్పుడే మనిషి మనసు విప్పుతాడని నాకు గట్టి నమ్మకం. మా నాన్న తన చిన్ననాటి సంగతులు నాకు చెప్పింది ఆ డాబా మీద, కరెంటు లేని రాత్రుల్లోనే. దీపం వెలిగితే ఆయన మళ్లీ లెక్కల గురించి, మార్కుల గురించి మాట్లాడే నాన్న అయిపోయేవారు.

అన్ని రాత్రుల్లోకీ ఒక రాత్రి నాకు బాగా గుర్తు. 1997 ఏప్రిల్ మొదటి వారం, అమావాస్యకు ముందు రోజులు. నాకు పదేళ్లు. అప్పటికి కొన్ని వారాలుగా పేపర్లో తోకచుక్క వార్తలు వస్తున్నాయి. హేల్-బాప్ అని పేరు. సాయంత్రం చీకటి పడగానే వాయవ్య దిక్కున కనిపిస్తుందని రాశారు. నేను రెండు మూడు సార్లు వెతికాను కానీ వీధి దీపాల వెలుగులో ఏదో మసక మరక తప్ప ఏమీ తెలియలేదు. ఆ రోజు ఏడున్నర ప్రాంతంలో కరెంటు పోయింది. మెట్లెక్కి తల ఎత్తానో లేదో, అది నా ఎదురుగా ఉంది. వెతకాల్సిన పనే లేదు. కృత్తికలనే నక్షత్రాల గుంపుకు కుడివైపు, ఇంకాస్త కిందగా, ఒక ప్రకాశమైన చుక్క, దాని మీదుగా పైకి విచ్చుకున్న తెల్లటి తోక. అంత పెద్ద వస్తువు ఆకాశంలో ఉండి కూడా అన్ని రోజులు మాకు కనిపించకుండా ఎలా ఉందో అర్థం కాలేదు. ఒక వీధి దీపం దాన్ని మా నుంచి దాచిపెట్టింది, అంతే.

కాసేపటికి మా డాబా నిండిపోయింది. మా వెనక ఇంటివారికీ మాకూ అప్పటికి ఏడాదిగా మాటల్లేవు. గోడ మీద నుంచి జారే వాననీళ్లు ఎవరి వైపు పోవాలన్న తగాదా. రెండు డాబాల మధ్య నడుము ఎత్తు పిట్టగోడ ఒకటే అడ్డం. ఆ ఇంటాయన దగ్గర బైనాక్యులర్ ఉంది. వాళ్ల పిల్లలు దాని కోసం పోట్లాడుకోవడం మాకు వినిపిస్తోంది. మేము అటు చూడకుండా నిలబడ్డాం. కొంతసేపటికి పిట్టగోడ మీదుగా ఒక చెయ్యి ముందుకు వచ్చింది. ఆ చేతికి వేలాడుతూ తోలు పట్టీ. ఆయన ఏమీ అనలేదు. నాన్న కూడా ఏమీ అనకుండా అందుకున్నారు. మొదట నా మెడలో వేశారు. ఆ పట్టీ చెమటకు తడిసి ఉండటం, కళ్లకు పెట్టుకున్నప్పుడు రబ్బరు అంచు చల్లగా తగలడం ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటాయి. చేతులు వణికి ఆకాశమంతా ఊగింది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించమని అవతలి నుంచి ఆయన గొంతు వినిపించింది. ఆనించాను, ఊగడం ఆగింది. తోక ఒకటి కాదు, రెండు. వెడల్పుగా కాస్త పసుపు కలిసిన తెలుపు ఒకటి, దాని పక్కన సన్నగా నీలం జాడ ఇంకొకటి. మొదటిది ధూళి, రెండోది వాయువు అని తర్వాత చదువుకున్నాను.

ఆ రాత్రితో రెండు ఇళ్లూ ఒకటైపోయాయని రాస్తే అబద్ధం అవుతుంది. గోడ గొడవ ఇంకో రెండేళ్లు నడిచింది. కానీ ఆ వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా ఆ పట్టీ పిట్టగోడ మీదుగా ఇటు వస్తూనే ఉంది.

మా ఎదురింటి మామ్మగారిని కూడా ఎవరో చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చారు. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. చాప మీద కూర్చుని, "నాకెలాగూ కనిపించదు కానీ, నువ్వు చెప్పమ్మా, ఎలా ఉంది?" అని నన్ను అడిగారు. నేను ఆమె చూపుడువేలు పట్టుకుని తోకచుక్క వైపు తిప్పాను. ముడతలు పడిన వేలు, గోరు కొంచెం వంకర. తల ఎక్కడ ఉందో అక్కడ ఆపి, అక్కడి నుంచి తోక పొడవునా ఆ వేలిని గాలిలో మెల్లగా పైకి నడిపించాను. "ఇంతేనా?" అన్నారు. ఇంతే అన్నాను. "మా చిన్నవాడు పుట్టిన ఏడు ఇంకోటి వచ్చింది. అది వేకువన, తూర్పున. దీనికంటే చాలా పొడుగు, చీపురు నిలబెట్టినట్టు ఉండేది" అని, నా చేతిలో ఉన్న తన వేలితోనే నాకు ఆ పొడవు గీసి చూపించారు. నేను చూపించిన దానికి రెట్టింపు ఉంది.

పెద్దయ్యాక ఆ మాట లెక్క వేసుకున్నాను. ఆమె చిన్న కొడుకు పుట్టింది 1965లో. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఇకెయా, సెకి అనే సరదాగా ఆకాశాన్ని పరిశీలించే ఇద్దరు జపాన్ ఔత్సాహికులు నిమిషాల తేడాతో ఒక తోకచుక్కను కనిపెట్టారు. అక్టోబర్ చివరి నుంచి అది తెల్లవారుజామున తూర్పున చాలా పొడవైన తోకతో కనిపించింది. మామ్మగారు దిక్కు, వేళ, పొడవు మూడూ సరిగ్గా చెప్పారు. బడికి వెళ్లని మనిషి, కొడుకు పుట్టుకతో ముడిపెట్టుకుని 32 ఏళ్లు దాచుకున్నారు ఆ జ్ఞాపకాన్ని. ఆ రాత్రి కరెంటు పోకపోతే అది నా దాకా వచ్చేదే కాదు.

హేల్-బాప్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు అందులో బాగా నచ్చింది బాప్ కథ. 1995 జూలై 23 రాత్రి అమెరికాలో ఇద్దరు వేర్వేరు చోట్ల దాన్ని చూశారు. అలాన్ హేల్ ఖగోళ శాస్త్రం చదువుకున్న మనిషి, తన ఇంటి ముందే టెలిస్కోపు పెట్టుకుని చూశాడు. థామస్ బాప్‌కు సొంత టెలిస్కోపే లేదు. స్నేహితులతో కలిసి ఎడారిలో చీకటి చోటుకు వెళ్లి, వాళ్ల టెలిస్కోపులో తన వంతు వచ్చినప్పుడు కన్ను పెడితే, ఉండకూడని చోట ఒక మసక చుక్క కనిపించింది. ఆ సంగతి తెలియజేయడానికి టెలిగ్రామ్ పంపాడు. స్నేహితుడి వస్తువులో నుంచి చూసిన మనిషి పేరు ఒక తోకచుక్కకు శాశ్వతంగా ఉండిపోయింది. అరువు బైనాక్యులర్‌తో ఆ తోకచుక్కనే చూసిన నాకు ఈ కథ చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. అది సుమారు 18 నెలల పాటు మామూలు కంటికి కనిపించింది. మళ్లీ వచ్చేది ఇంకో 2400 ఏళ్లకు.

ఇక ఇప్పటి పిల్లలకు ఇది దొరుకుతోందా అన్నారు. దొరకడం లేదు. దీని గురించి నాకు కోపం ఉంది. చీకటిని లోపం కింద లెక్కగట్టి ఊళ్లన్నీ తెల్లటి ఎల్‌ఈడీ దీపాలతో నింపేశారు. వీధికి వెలుగు కావాలి, కాదనను. రాత్రిపూట ఒంటరిగా నడిచే ఆడదాన్ని, ఆ అవసరం నాకు బాగా తెలుసు. కానీ దీపం వెలుగు పడాల్సింది నేల మీద. పైన మూత లేకుండా, ఆకాశానికీ ఎదుటి వాళ్ల పడకగదికీ వెలుగు కొట్టే దీపం ఎవరికి ఉపయోగం? పైన ఒక రేకు మూత, వెలుగులో కాస్త పసుపుతనం ఉంటే నేల మీద వెలుగూ ఉంటుంది, ఆకాశమూ మిగులుతుంది. ఇది ఎంతమందికి చెప్పినా, దీపం తీసేయమంటున్నానని అనుకుంటారు.

ఎంత నష్టం జరిగిందో లెక్కలున్నాయి. 2011 నుంచి 2022 దాకా వేర్వేరు దేశాల మామూలు జనం తమకు ఎన్ని నక్షత్రాలు కనిపిస్తున్నాయో నమోదు చేసి పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను శాస్త్రవేత్తలు కలిపి చూశారు. రాత్రి ఆకాశం వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని తేలింది. వాళ్లే చెప్పిన ఉదాహరణ: 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు, 18 ఏళ్లు వచ్చేసరికి అదే చోట 100 నక్షత్రాలే కనిపిస్తాయి. మిగతా 150 ఎక్కడికీ పోలేదు. మన పిల్లలే వాటిని చూడకుండా పెరుగుతున్నారు. భూమి మీద మూడో వంతు కంటే ఎక్కువ మందికి ఇప్పుడు తాము ఉన్న చోటి నుంచి పాలపుంత కనిపించదు.

ఇంకో సంగతి, కన్ను గురించి. చీకట్లోకి వచ్చిన వెంటనే మనకు ఏమీ కనిపించదు. కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఒక్కసారి ఫోను వెలిగించి చూస్తే చాలు, మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఆకాశం చూపిద్దామని పిల్లల్ని పైకి తీసుకెళ్లేవారితో నేను మొదట ఫోన్లు కిందే పెట్టి రమ్మంటాను. ఫోనును ఆకాశం వైపు ఎత్తితే నక్షత్రాల పేర్లు చెప్పే యాప్‌లు వచ్చాయి. పిల్లలు ఆ తెర మీద నక్షత్రాలు చూసి, తెర వెనక ఉన్న ఆకాశాన్ని చూడకుండానే కిందికి దిగిపోతున్నారు. ఇది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. మసకగా ఉన్న చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే కనిపిస్తుంది. కంటి మధ్య భాగం కంటే దాని చుట్టూ ఉన్న భాగమే మసక వెలుగును బాగా పట్టుకుంటుంది. ఈ కిటుకు నాకు ఆ వేసవిలో నేర్పింది వెనక ఇంటాయనే, పిట్టగోడ అవతలి నుంచి. ఏ యాప్ అయినా ఒక పిల్ల పక్కన నిలబడి "ఊపిరి బిగబట్టు, కాస్త పక్కకు చూడు" అని అంత ఓపికగా చెప్పగలదా?

సెలవుల్లో పిల్లల్ని గంటకో శిక్షణలో చేర్చే తల్లిదండ్రులతోనూ నాకు పేచీ ఉంది. పిల్లలకు ఏమీ తోచని గంటలు కావాలి. కరెంటు పోయినప్పుడు మాకు వేరే పని ఏదీ ఉండేది కాదు కాబట్టే తల ఎత్తి చూశాం, పక్కవాళ్ల గొంతులు విన్నాం. ఇన్వర్టర్లు వచ్చాక కరెంటు పోయిన సంగతే ఇంట్లో తెలియడం లేదు. ఎవరి గదిలో వాళ్లు ఉంటున్నారు. మనుషుల మధ్య మాటలు తగ్గిపోయాయని అందరూ వాపోతారు, ఎన్నో కారణాలు చెబుతారు. నన్నడిగితే సగం కారణం ఇదే. మనకు చీకట్లో కలిసి కూర్చునే చోటు లేకుండా పోయింది.

మొన్న జనవరిలో మా అబ్బాయిని తొమ్మిది గంటలప్పుడు డాబా మీదకు తీసుకెళ్లాను. వాడికి ఎనిమిదేళ్లు. కృత్తికలు దాదాపు నడినెత్తిన ఉన్నాయి. చిన్నప్పుడు నాకు అందులో ఆరు నక్షత్రాలు విడివిడిగా కనిపించేవి. వాడిని లెక్కపెట్టమన్నాను. చాలాసేపు మెడ వెనక్కి వంచి చూసి మూడు అన్నాడు. పక్కింటివారి డాబా మీద ఒక పెద్ద దీపం నేరుగా మా కళ్లలోకి కొడుతోంది. ఆ ఇంట్లో వాళ్లు వచ్చి ఆరు నెలలైంది, వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. వాడిని అక్కడే ఉండమని చెప్పి, కిందికి దిగి వాళ్ల తలుపు తట్టాను. ఒక పెద్దాయన తీశారు. కాసేపు ఆ పై దీపం ఆర్పగలరా, మా అబ్బాయికి నక్షత్రాలు చూపిస్తున్నాను అన్నాను. ఆయన ఒక క్షణం నన్ను చూసి, లోపలికి తిరిగి ఎవరినో పిలిచారు. నేను మా మెట్లు ఎక్కుతుండగానే దీపం ఆరింది. వెనకే వాళ్ల మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది, ఇద్దరివో ముగ్గురివో. మా అబ్బాయి చీకట్లోనే కూర్చుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాడు. పావుగంటకు ఐదు అన్నాడు. పక్క డాబా మీద నుంచి, "ఎక్కడ బాబూ, మాకూ చూపించు" అని ఒక ముసలి గొంతు వినిపించింది.